రాజధానిలో తపస్సు కాలం

(ఢిల్లీలోని తెలుగు మిత్రుల గోష్ఠిలో చేసిన ప్రసంగ పాఠం)



మన పండుగలు, వ్రతాలు, వాటిలోని సామరస్యం గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా నిర్వాహకులు నన్ను కోరారు. అంత విశాలమైన విషయం మీద సాధికారంగా ప్రసంగించగల పాండిత్యం నాకు లేదు. వృత్తిరీత్యా నేను అనువాదకుణ్ణి. హిందీలో ఒకరు చెప్పినదాన్ని తెలుగులో చెప్పడమే నా పని గనుక సొంతంగా మాట్లాడే అలవాటు కొంత తక్కువ. అందుచేత నాకు స్వానుభవంలో ఉన్న ఒక చిన్న సంగతినే మీ ముందు ఉంచుతాను. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన ఒక కతోలిక కుటుంబం ఈ మహానగరంలో తపస్సు కాలాన్ని ఎట్లా పాటిస్తున్నదో, పాటించబోయి ఎన్ని అవస్థలు పడుతున్నదో మనవి చేస్తాను. వీటిలో నవ్వు పుట్టించేవే ఎక్కువ. ఒకటి మాత్రం నన్ను సిగ్గుపడేటట్లు చేసింది. దాన్ని కూడా దాచకుండా చెబుతాను.

ముందుగా తపస్సు కాలం అంటే ఏమిటో క్లుప్తంగా చెప్పాలి. ఏసుక్రీస్తు ఎడారిలో నలభై దినాలు ఉపవసించినందుకు గుర్తుగా ఈస్టరు పండుగకు ముందు క్రైస్తవులు పాటించే వ్రతకాలమిది. ప్రొటెస్టెంటు సోదరులు దీన్ని శ్రమల కాలమని అంటారు. ఇది విభూది బుధవారంతో ఆరంభమవుతుంది. ఆనాటినుంచి ఈస్టరు ముందటి శనివారం దాకా క్యాలెండరు చూసి లెక్కిస్తే 46 రోజులు వస్తాయి. ఆదివారాలు ప్రభువు పునరుత్థానాన్ని స్మరించే దినాలు గనుక ఆ ఆరింటినీ ఉపవాసపు లెక్కలోనుంచి తీసివేస్తే సరిగ్గా నలభై మిగులుతాయి.

నియమాలు ఒకప్పుడు చాలా కఠినంగా ఉండేవి. 1966లో ఆరవ పౌలు పోపుగారు వాటిని సడలించారు. 1983లో వెలువడిన శ్రీసభ ధర్మశాస్త్రం ప్రకారం విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం అనే రెండు రోజులే తప్పనిసరి ఒక్కపొద్దులు. అదైనా 18 ఏళ్లు నిండినవారు మొదలుకొని 59 నిండేవరకే. ఆ రోజున ఒక పూట పూర్తి భోజనం చేయవచ్చు. తక్కిన రెండు పూటలా కొద్దిపాటి ఫలహారానికి అనుమతి ఉన్నది. ఈ రెండు రోజులతోపాటు శుక్రవారాల్లో 14 ఏళ్లు నిండిన వారందరూ మాంసం మానాలి. గుడ్లు, పాలు, చేపలు నిషిద్ధం కావు.

ఇంత తేలికపాటి నియమాలకు అవస్థలేమిటని మీరు అడగవచ్చు. మా అమ్మ కూడా అదే అడుగుతుంది. నా చిన్నతనంలో ఆమె ఆ నలభై రోజులూ మాంసం మాత్రమే కాదు, చేప కూడా ముట్టేది కాదు. గుంటూరు ప్రాంతంలో అవి మిరపకాయల కోతల రోజులు. బుధ, శుక్రవారాల్లో ఒక్కపొద్దు ఉంటూనే ఎండలో కాయలు కోసి వచ్చేది. ప్రతి పూటా వంటకు పోసే బియ్యంలోనుంచి గుప్పెడు తీసి గుడి కోసమని వేరే కుండలో వేసేది. ఇప్పుడు నియమాలు సడలాయని నేను ఫోనులో వివరించబోతే ఆమె ఇట్లా అన్నది: "తిండి తక్కువైన కాలంలో మాకు నియమాలు ఎక్కువ. తిండి ఎక్కువైన కాలంలో మీకు నియమాలు తక్కువ. ఇదేం లెక్క నాయనా?" ఈ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

"మీరు కేరళవారా?"

ఢిల్లీలో కతోలికుణ్ణని చెప్పిన మరుక్షణం ఎదురయ్యే ప్రశ్న ఇది. కాదు, ఆంధ్రుణ్ణని చెబితే "అయితే గోవాలో బంధువులున్నారా?" అన్నది తరువాతి ప్రశ్న. తెలుగునాట 18వ శతాబ్ది ఆరంభంలోనే జెస్యూట్ గురువులు పుంగనూరు ప్రాంతానికి వచ్చారనీ, ఫిరంగిపురంలో బాలయేసు దేవాలయం ఉన్నదనీ, ఫిబ్రవరి నెలలో విజయవాడ గుణదల కొండకు కులమత భేదం లేకుండా జనం తరలివస్తారనీ, హైదరాబాదు అగ్రపీఠాధిపతులైన పూల ఆంథోనీగారు 2022 ఆగస్టులో తెలుగువారిలో తొలి కార్డినలుగా నియుక్తులైనారనీ వివరించేసరికి మెట్రోలో నేను దిగవలసిన స్టేషను వచ్చేస్తుంది.

ఇక భాష సంగతి. మనం తపస్సు కాలమన్నదాన్ని హిందీ కతోలికులు "చాలీసా కాల్" అంటారు. ఆఫీసులో చేరిన కొత్తల్లో ఒక మిత్రుడు మిఠాయి పెట్టబోతే "నా చాలీసా నడుస్తున్నది" అన్నాను. ఆయన పరమానందభరితుడై రెండు చేతులూ జోడించి "జై బజరంగబలీ!" అన్నాడు. హనుమాన్ చాలీసా పారాయణ పట్టాననుకున్నాడు పాపం. మరొకసారి మాంసం మానడానికి వారి గుళ్లలో వాడే "పర్‌హేజ్" అన్న మాటను ఉపయోగించాను. ఢిల్లీ వాడుకలో దానికి వైద్యుడు చెప్పిన పథ్యమని అర్థం. "ఈ వయసులోనే షుగరా?" అని ఆయన నా భుజం తట్టి విచారం వెలిబుచ్చాడు.

ఆ పొరపాటును గురించి తరువాత ఆలోచిస్తే అది అంత పెద్ద పొరపాటు కాదనిపించింది. హనుమాన్ చాలీసాకు ఆ పేరు వచ్చింది అందులోని నలభై చౌపాయీలవల్ల. మా వ్రతానికి లాటిన్ భాషలో ఉన్న పేరుకు కూడా నలభయ్యవది అనే అర్థం. సూఫీలు నలభై రోజులు ఏకాంతంలో చేసే సాధనను చిల్లా అంటారు. హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా అట్లా కూర్చున్నారని చెప్పే చిల్లా హుమాయూన్ సమాధి వెనుక ఇప్పటికీ ఉన్నది. మన అయ్యప్ప భక్తులు మండల దీక్ష పట్టి 41 రోజులు నల్లని వస్త్రాలు ధరిస్తారు. మనసు మారడానికి సుమారు నలభై రోజులు పడుతుందని ఇందరు పెద్దలు అనుకున్నారన్నమాట. ఇంగ్లీషులో మాత్రం దీన్ని లెంట్ అన్నారు. పాత ఇంగ్లీషులో ఆ మాటకు వసంతమని అర్థం. మార్చి నెలలో ఢిల్లీ రోడ్ల వెంట బూరుగు చెట్లు ఒక్క ఆకైనా లేకుండా ఎర్రని పూలతో నిలబడి ఉండడం మీరందరూ చూసే ఉంటారు. ఆ చెట్టు వంక చూసినప్పుడల్లా ఇంగ్లీషువాడి మాట కూడా సరైనదే అనిపిస్తుంది నాకు.

బూడిద, చాయ

నేను చెప్పదలచిన సంగతులు ఎక్కువగా 2025వ సంవత్సరంలో జరిగాయి. ఆ ఏడు మార్చి 2న రంజాను ఉపవాసాలు మొదలైనాయి. 5వ తేదీ విభూది బుధవారం. 14న హోలీ, అదీ శుక్రవారం నాడు. 30వ తేదీ ఆదివారం ఉగాది. ఆనాడే ఉత్తరాదివారి చైత్ర నవరాత్రులకు ఆరంభం. మరునాడు రంజాను పండుగ. ఏప్రిల్ 18 పవిత్ర శుక్రవారం, 20 ఈస్టరు. ఇన్ని వ్రతాలు ఒకదానినొకటి ఒరుసుకుంటూ వచ్చిన వసంతం నేనింతకు ముందు చూడలేదు.

విభూది బుధవారం నాడు మనిషి మట్టి అనీ, తిరిగి మట్టిలోనే కలుస్తాడనీ గుర్తు చేస్తూ గురువులు నుదుట బూడిదతో సిలువ గుర్తు పెడతారు. కిందటేటి మ్రానికొమ్మల ఆదివారం నాడు దీవించిన మట్టలను కాల్చి చేసిన బూడిద అది. ఆ ఉదయం మా ఇంటి దగ్గరి గుడిలో బూడిద పెట్టించుకుని మయూర్ విహార్‌లో మెట్రో ఎక్కాను. ఎదుటి సీటులోని వృద్ధుడు నన్ను నాలుగైదు సార్లు పరిశీలనగా చూసి, జేబులోనుంచి రుమాలు తీసి, "బేటా, నుదుట ఏదో అంటుకుంది" అంటూ అందించాడు. అది మతాచారమని చెబితే కంగారుపడి క్షమాపణ చెప్పుకున్నాడు. ఆఫీసులోనేమో "శివరాత్రి వెళ్లి వారమైంది గదా, ఇంకా విభూది ఏమిటి?" అన్నారు. హాస్యమేమంటే, ఉపవాసం ఉన్న సంగతి నలుగురికీ తెలియనివ్వక ముఖం కడుక్కుని మామూలుగా తిరగమని క్రీస్తు చెప్పిన ఘట్టాన్నే ఆ ఉదయం గుడిలో చదువుతారు. అది విన్నవెంటనే నుదుట బూడిద పెట్టించుకుని నగరమంతా తిరుగుతాం. ఈ రెంటికీ సమన్వయం ఎట్లాగో పెద్దలే చెప్పాలి.

ఆనాటి సాయంత్రం మా ఇంటావిడ, తొమ్మిదేళ్ల అమ్మాయి గోల్ డాక్‌ఖానా దగ్గరి సేక్రెడ్ హార్ట్ దేవాలయానికి వచ్చారు. నేనూ ఆఫీసునుంచి నేరుగా అక్కడికే చేరాను. 1929లో శంకుస్థాపన జరిగిన ఆ దేవాలయానికి నమూనా గీసినవాడు హెన్రీ మెడ్ అనే ఇంగ్లీషు వాస్తుశిల్పి. దాని ఎదురుగానే బంగ్లా సాహిబ్ గురుద్వారా. దివ్యబలిపూజ ముగిసేసరికి నాకు కళ్లు తిరుగుతున్నవి. నాటి ఒక్క భోజనం ఇంకా మిగిలే ఉన్నది. ఇంటికి పోయి వండుకునే ఓపిక లేదు. తలకు రుమాలు కట్టుకుని ముగ్గురం లంగరులో కూర్చున్నాం. రొట్టె, పప్పు, కూర. మాంసం ప్రసక్తి లేదు గనుక నియమానికి భంగమూ లేదు. అయితే వడ్డించే సేవకులు మన పళ్లెం ఖాళీ కానిచ్చే రకం కాదు. నాలుగో రొట్టె పడుతుండగా మా అమ్మాయి గట్టిగా అడిగింది: "నాన్నా, ఒక్క భోజనమంటే ఎన్ని రొట్టెలు?" చేతులు చాచి రొట్టె అందుకుంటున్న నా దగ్గర సమాధానం లేకపోయింది.

ఎవరికి వారు తమకు ప్రియమైనదాన్ని ఒకదాన్ని ఈ నలభై రోజులూ విడిచిపెట్టడం మాలో ఆనవాయితీ. అమ్మాయి చిప్సు మానింది. ఆదివారాలు లెక్కలోకి రావని ఎవరో ఆమెకు చెప్పారు. అది మొదలు శనివారం రాత్రి పన్నెండు ఎప్పుడు కొడుతుందా అని పొట్లం ఒళ్లో పెట్టుకుని గడియారం ముందు కూర్చునేది. పిల్లను నవ్వి ప్రయోజనం లేదు. నేను విడిచింది టీ. నా ఆదివారాలు కూడా దాదాపు అట్లాగే తెల్లవారేవి.

టీ లేని అనువాదకుడు ప్రజలకు ప్రమాదకారి. మూడవ రోజున తలనొప్పితో పనిచేస్తూ, అందరికీ విద్యావకాశాలు కల్పించాలనే అర్థం గల "సబ్‌కో శిక్షా కా అవసర్" అన్న హిందీ శీర్షికను తెలుగులో "అందరికీ శిక్ష అవసరం" అని రాసి పంపించాను. హిందీలో శిక్షా అంటే చదువు, అవసర్ అంటే అవకాశమని ఎరగనివాణ్ణి కాను. సకాలంలో ఒక మిత్రుడు చూసి దిద్దాడు గనుక బతికిపోయాను. తపస్సు కాలానికి తగిన శీర్షికే గదా అని అతడు చాలా రోజులు ఏడిపించాడు.

ఆ మిత్రుడు లక్నోవాసి. అతనికి అప్పుడు రోజా. మరొక సహోద్యోగి హర్యానావాడు, మంగళవారం హనుమంతుని ఉపవాసం తప్పడు. భోజన విరామంలో తక్కినవారు డబ్బాలు విప్పుకుంటే మేము వరండాలో నిలబడి ఎవరి వ్రతం కష్టమైనదో వాదించుకునేవాళ్లం. "నీవు పొద్దున్నే నీళ్లు తాగినవాడివి, మాట్లాడకు" అని లక్నో మిత్రుడు నా నోరు మూయించేవాడు. ఒకనాడు టీ తెచ్చే కుర్రవాడు మా ముగ్గురినీ చూసి, "ఈ గదిలో అందరూ సాధువులైపోతే నా గతేమిటి సార్?" అన్నాడు. తమాషాకే అన్నాడు గాని, లెక్క చూస్తే నిజమే. నేను రోజుకు రెండు టీలు మానితే పోయేది అతని బేరం. జపం, ఉపవాసం, దానం అని మా వ్రతానికి మూడు కాళ్లుంటాయని చిన్నప్పుడు నేర్పారు. నేను రెండో కాలు ఎత్తి మూడో దాన్ని విరుస్తున్నానన్నమాట. మరునాటినుంచి నా రెండు టీల డబ్బూ యథాప్రకారం ఇస్తూ, ఆ గ్లాసులు గేటు దగ్గరి కాపలాదారుకు ఇమ్మన్నాను. అతడెందుకని అడగలేదు. రోజూ సాయంత్రం నేను వెళుతుంటే మాత్రం లేచి నిలబడేవాడు. అది కూడా నాకు కొత్త అవస్థే. ఉపవాసం రహస్యంగా ఉండాలి గదా!

చేపల సంగతి కూడా చెప్పాలి. శుక్రవారం మాంసం కూడదు, చేపలు తినవచ్చు. ఒక శుక్రవారం ఐ.ఎన్.ఏ. మార్కెట్టుకు వెళ్లి రొయ్యలు తెచ్చి ఇగురు పెట్టాం. దానికైన ఖర్చుతో ఆ వారమంతా కోడికూర తిని ఉండవచ్చు. మా పై అంతస్తులో సీరోమలబారు శాఖకు చెందిన మలయాళీ కుటుంబం ఉన్నది. వారిది యాభై రోజుల నోము. బుధవారానికి ముందటి సోమవారమే మొదలుపెడతారు. ఆ ఇంటి పెద్దాయన మాంసం, చేప, గుడ్డు, చివరకు పాలు కూడా ముట్టరు. మా రొయ్యల ఘుమఘుమలు మెట్లెక్కి వారింటికి చేరాయి కాబోలు, ఆయన దిగివచ్చి వాసన పీల్చి, "ఇదేనా మీ ఆంధ్రావాళ్ల తపస్సు?" అన్నారు. ధర్మశాస్త్రంలో అనుమతి ఉన్నదన్నాను. "శాస్త్రంలో ఉన్నది, నిజమే" అని ఆయన వెళ్లిపోయారు. ఆ ఇగురు రుచి నాకు సగం చచ్చింది.

హోలీ నాటి గిన్నె

ఇప్పుడు మొదట చెప్పిన ఆ ఒక్క సంగతికి వస్తున్నాను.

మా పక్క ఫ్లాటులో ఒక పెద్దావిడ ఉంటారు. వారిది బీహారులోని దర్భంగా. మేము ఆంటీజీ అంటాం. హోలీ నాడు వారి వైపు మాంసం వండడం పెద్ద సంబరం. మార్చి 14 మధ్యాహ్నం రంగుల చేతులతో ఆవిడ స్టీలు గిన్నెనిండా మాంసం కూర తెచ్చి, "పొద్దుటినుంచి పొయ్యి దగ్గరే ఉన్నాను, వేడివేడిగా తినండి" అని నా చేతిలో పెట్టారు. అది శుక్రవారం. నాలుక చివర మాట ఉన్నది. పండుగపూట వద్దని ఎట్లా అనడం? ఈ నలభై రోజుల గాథంతా గుమ్మంలో నిలబెట్టి ఎట్లా వివరించడం? నవ్వి, ధన్యవాదాలు చెప్పి పుచ్చుకున్నాను. శనివారం తిందాంలే అని మా ఇంటావిడ ఫ్రిజ్‌లో పెట్టింది. మేము గొప్ప తెలివిగా రెండు వైపులా నెగ్గుకువచ్చామనుకున్నాం.

శనివారం ఉదయం ఆంటీజీ గిన్నె కోసం వచ్చారు. "కూర ఎట్లా ఉన్నది బేటా?" అన్నారు. "అద్భుతంగా ఉన్నది, అందరం తిన్నాం" అన్నాను. నా వెనుకనుంచి మా అమ్మాయి స్వచ్ఛమైన హిందీలో, "పాపా, అది ఫ్రిజ్‌లోనే ఉంది కదా, మనం తినలేదు కదా" అన్నది.

ఆవిడ ముఖం చూశాను. కోపం కాదది. "ఓహో" అని మాత్రం అని, గిన్నె కూడా అడగకుండా వెళ్లిపోయారు.

మన దేశంలో ఒకరి ఇంటి తిండిని కాదనడమంటే ఏమిటో మనందరికీ తెలుసు. అది తిండికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. ఆ చేతిని, ఆ ఇంటిని, ఒక్కొక్కప్పుడు ఆ పుట్టుకనే కాదనడం. అమ్మకు ఫోను చేసి జరిగినది చెప్పాను. కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "నేను పండక్కి పంపిన గిన్నె మూత తీయకుండానే తిరిగొచ్చిన ఇళ్లు ఉన్నాయి నాయనా మన ఊళ్లో. ఆ గిన్నె కడుక్కుంటుంటే ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. శుక్రవారం మాంసం మానావు సరే. ఆడిన అబద్ధం ఏ వారం మానతావు?" అన్నది.

వెంటనే వెళ్లి ఆంటీజీ తలుపు తట్టాను. ఉన్నది ఉన్నట్లు చెప్పాను: ఇది మా వ్రతకాలమనీ, శుక్రవారం మాంసం తినమనీ, చెప్పడానికి మొహమాటపడ్డాననీ, చివరకు అబద్ధమాడాననీ. మీ వంట గురించి వేరే ఏ ఆలోచనా లేదని కూడా అన్నాను. ఆవిడ విన్నారు. అప్పుడు నిజంగా కోప్పడ్డారు.

"నేను ఛఠ్ పూజకు 36 గంటలు మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉంటాను. పెళ్లయిన నాటినుంచీ చేస్తున్నాను. నాకు వ్రతమంటే ఏమిటో తెలియదనుకున్నావా? ఒక్క మాట చెప్పి ఉంటే గిన్నె వెనక్కు తీసుకుపోయి పనీరు వండి తెచ్చేదాన్ని కదా!"

మిత్రులారా, ఆ మాటతో నాకు కళ్లు తెరుచుకున్నాయి. నేను ఆవిడ మనసు నొప్పించకూడదని అబద్ధమాడాననుకున్నాను. నిజానికి ఆవిడకు నా వ్రతం అర్థం కాదని ముందే తీర్పు చెప్పేశాను. అవతలివారి మతం వేరు గనుక మన నిష్ఠ వారికి తెలియదనుకోవడం మర్యాద ముసుగు వేసుకున్న అహంకారం. ఉపవాసం ఎరగని ఇల్లు ఈ దేశంలో ఎక్కడున్నది? అన్ని పదాలకూ అర్థాలు వెతికే నేను, పక్కింటావిడకు నా మాట అనువాదం లేకుండానే అర్థమవుతుందని తెలుసుకోలేకపోయాను.

ఆ శనివారం మధ్యాహ్నం కూర వెచ్చబెట్టి ఆంటీజీని కూడా పిలిచి కలిసి తిన్నాం. నిజంగానే అద్భుతంగా ఉన్నది.

పొరుగువారి కాపలా

అప్పటినుంచి మాకు మరొక రకం అవస్థ ప్రారంభమైంది. మా వ్రతభారమంతా ఆంటీజీ తమ మీద వేసుకున్నారు. శుక్రవారం ఉదయం తలుపు తట్టి "ఈరోజు శుక్రవారం, గుర్తున్నదా?" అని హెచ్చరించేవారు. అమ్మాయి మెట్ల దగ్గర ఎవరిచ్చిన చిప్సు పొట్లమో పట్టుకుని ఉంటే, "ఇది ఆదివారం కాదే" అని లాగేసుకున్నారు. ఆ పొట్లాల ఖరీదంతా వారమూ వారమూ ఒక డబ్బాలో వేయించారు కూడా. తపస్సు కాలంలో ఆకలి, వ్యాధుల నివారణ కోసం కారితాస్ ఇండియా సంస్థ ఏటా విరాళాలు సేకరిస్తుంది. ఆ డబ్బా డబ్బులు అందులో చేరాయి. గుప్పెడు బియ్యపు కుండ ఢిల్లీకి వచ్చి చిప్సు డబ్బాగా మారిందని విని అమ్మ చాలా సంతోషించింది.

మార్చి 30 నాటి ఉగాది మా పాలిటి వరమైంది. ఆదివారం గనుక ఉపవాసపు లెక్క లేదు. పైగా ఆ నాలుగవ ఆదివారాన్ని శ్రీసభ సంతోషించవలసిన ఆదివారంగా పేర్కొంటుంది. బొబ్బట్లకు ఇంతకన్న శాస్త్రసమ్మతి ఏమి కావాలి? ఉగాది పచ్చడి ఆంటీజీకి ఇస్తే వేపపువ్వు చేదుకు ముఖం చిట్లించి, "ఇది కూడా వ్రతమేనా?" అన్నారు. మరునాడు రంజాను. లక్నో మిత్రుని ఇంట్లో సేమ్యా పాయసం తిన్నాం. నాకు టీ నిషిద్ధమని గుర్తుంచుకుని ఆయన శ్రీమతి షర్బత్ ఇచ్చారు. నవరాత్రుల్లో వచ్చిన శుక్రవారం, అనగా ఏప్రిల్ 4న, ఆంటీజీ కుట్టూ పిండి పూరీలు, సైంధవ లవణం వేసిన బంగాళాదుంపల కూర పంపారు. "మీ నియమానికీ మా నియమానికీ రెండింటికీ సరిపోతుంది" అని కబురు.

పవిత్ర శుక్రవారం నాడు "హ్యాపీ గుడ్ ఫ్రైడే" అనే శుభాకాంక్షలు షరా మామూలుగా వచ్చాయి. క్రీస్తు మరణదినమని ఎవరికీ చెప్పి చిన్నబుచ్చలేదు. ధన్యవాదాలు చెప్పి ఊరుకున్నాను. ఆంటీజీ మాత్రం శుభాకాంక్షలు చెప్పలేదు. ఆ మధ్యాహ్నం మూడు గంటల ఆరాధనకు మేము బయలుదేరుతుంటే వారింట్లో ఎప్పుడూ మోగే టీవీ ఆగి ఉన్నది.

ఈస్టరు నాడు ఆ స్టీలు గిన్నెలోనే మాంసం పులావు నింపి ఆంటీజీకి ఇచ్చాం. నలభై రోజుల తరువాత మొదటి కప్పు టీ వారింట్లోనే తాగాను.

మరునాడు, ఏప్రిల్ 21 మధ్యాహ్నం, ఫ్రాన్సిస్ పోపుగారు మరణించారన్న వార్త తెలిసింది. ఈస్టరు సంతోషం ఇంకా తీరకముందే ఇట్లా జరిగిందేమా అని ఇంట్లో అందరం మౌనంగా ఉన్నాం. సాయంత్రం ఆంటీజీ వచ్చారు. టీవీలో చూశారట. "మీ ఇంటి పెద్దాయన పోయారు గదా, ఈరోజు మీరు పొయ్యి వెలిగించరు" అన్నారు. మాలో అట్లాంటి నియమం లేదు. చెబుదామనుకున్నాను గాని నోరు రాలేదు. అబద్ధం కూడా ఆడలేదు. ఆవిడ చేతిలో అదే స్టీలు గిన్నె. నిండా అన్నం, పప్పు. మసాలా లేదు, పోపు కూడా లేదు.

ఆ పూట మేము అదే తిన్నాం.

మిత్రులారా, జాతీయ సమైక్యతను గురించి మనం సభలలో చాలా మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవలసిందే. నాకు తెలిసినంతలో మాత్రం అది ఇరుగుపొరుగుల మధ్య అటూ ఇటూ తిరిగే గిన్నెలాంటిది. దాన్ని ఖాళీగా తిరిగి ఇవ్వకూడదన్నది మన తెలుగు ఇళ్లలోనూ మిథిలలోనూ ఒకే మాట. అందులో ఏమి ఉన్నదో, మనం ఎందుకు ఈవేళ తినలేమో నిర్మొహమాటంగా చెప్పుకోగలిగితే చాలు. మన నిష్ఠను మనకన్న శ్రద్ధగా పొరుగువారే కాపాడతారు.